ఉప్పునీళ్ల గీత

నంద్యాలకు సముద్రం చాలా దూరం. మా వకీలు గారి ఆఫీసులో మూడు బీరువాల పుస్తకాలుండేవి కానీ, ఓడల చట్టానికి సంబంధించింది ఒక్కటీ లేదు. 1971 ఆగస్టు నుంచి ముప్పైమూడేళ్లు నేను ఆ ఆఫీసులో టైపు కొట్టాను, తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి తిప్పాను. భాగపంపకాలు, కాలువ నీటి వంతులు, బేతంచెర్ల బండల గనుల హద్దులు, ఇవే మా కేసులు. ఓడ కేసు ఒక్కటే వచ్చింది. ఇప్పుడు కోర్టు పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు నా పనిలో తప్పు వెదికినా దొరకదని అనుకుంటారట. దొరుకుతుంది. అందుకే ఆ కేసు గురించి రాస్తున్నాను.

1979 ఏప్రిల్ 30, సోమవారం. మరునాటి నుంచి కోర్టులకు వేసవి సెలవులు కాబట్టి ఆఫీసు నిండా జనం. ముప్పై ఏళ్ల లోపు మనిషి ఒకడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని వెనక ఏడు నెలల గర్భిణి అయిన భార్య.

"ఏమప్పా, యాడిది మీది?" అన్నాడు మా పెద్ద గుమాస్తా. ఆయన ఆ ఆఫీసులో వకీలు గారి తండ్రి కాలం నుంచి ఉన్నాడు.

"ఆళ్లగడ్డ పక్కన పల్లె సామీ. ఓడలో పనిజేస్తాంటి. దించేసినారు."

"యాడ దించినారు? కేసీ కాలువలోనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. చేతిలోని చిన్న పుస్తకం తెరిచి చూపించాడు. ఓడల్లో పనిచేసే ప్రతి నావికుడికీ అలాంటి పుస్తకం ఉంటుంది. ఏ ఓడలో ఎన్నాళ్లు చేశాడో, ఎలా చేశాడో అందులో రాసి ముద్ర వేస్తారు. ఆ ముద్రలు చూసే తర్వాతి ఓడలో తీసుకుంటారు. అతని పుస్తకంలో చివరి పేజీ మీద, ఆజ్ఞ ధిక్కరించి ఓడ విడిచి వెళ్లాడని రాసి ఉంది.

"ఇది ఉన్నన్నాళ్లూ నన్ను ఏ ఓడా ఎక్కనీదు సామీ. మద్రాసులో మూడుచోట్ల అడిగినా. పుస్తకం తెరుస్తారు, మూస్తారు, మాట్లాడరు."

వకీలు గారు అతన్ని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పించారు. ఓడెక్కక ముందు అతను బేతంచెర్లలో లారీలకు బండలెత్తేవాడు. అక్కడ లారీ తొట్టికీ వెనక చక్రానికీ మధ్య జానెడు సందు ఉండాలని కూలీల లెక్క. ఆ మేరకు సున్నంతో గీత గీసేవాళ్లు. గీత కనపడకపోతే పై వరస బండలు దించాలి. ఒకరోజు యజమాని దించనివ్వలేదు. ఆ లారీ గని దారిలో పక్కకు ఒరిగింది. బండల మీద కూర్చున్న వాడొకడు పోయాడు. ఇతను ఆ లారీ ఎక్కి మళ్లీ దిగిన మనిషి.

"వాన్నీ దిగమంటి. దిగల్యా," అన్నాడు.

ఓడకు కూడా అలాంటి గీత ఉంటుందని మాకు ఆరోజే తెలిసింది. వాడేసిన కాగితం వెనక అతనే బొమ్మ గీసి చూపించాడు. ఓడ పక్కన సరిగ్గా మధ్యలో ఒక గుండ్రం, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత, దాని పక్కన దువ్వెన పళ్లలా మరికొన్ని గీతలు. సరుకు నింపేకొద్దీ ఓడ దిగుతుంది. నీళ్లు ఆ గీతలు దాటకూడదు. ఏ దేశపు ఓడైనా అదే గుండ్రం, అవే గీతలు. దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న నియమం అది. మన దేశమూ ఒప్పుకుంది. గీత మునిగిన ఓడ ప్రయాణానికి పనికిరాని ఓడ. దాన్ని ఎక్కనన్న నావికుడిది నేరం కాదు.

మార్చి నెలలో తూర్పు దేశంలో ఒక నది ఒడ్డు రేవులో సరుకెక్కిస్తుండగా గీత మునగడం ఇతను చూశాడు. పై అధికారికి చెప్పాడు. ఆయన పట్టించుకోలేదు. "సరుకు దించకుంటే నేను రాను" అన్నాడు. కెప్టెన్ ఇతని మూటా ముల్లే రేవు మీద పెట్టించి, ఓడ రోజువారీ సంగతులు రాసే లాగుబుక్కులో ధిక్కారమని రాసుకుని వెళ్లిపోయాడు. ఓడ క్షేమంగా చేరింది.

"అది మునిగింటే నా మాట నమ్మేవాళ్లు," అన్నాడు అతను. "మునగాలని ఎట్ల కోరుకునేది సామీ? అందులో నాతో తిన్నోళ్లు ఇరవై ఎనిమిది మంది ఉండారు."

అతని దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. ఓడ కదలడానికి మూడు రోజుల ముందు ఆ రేవు నుంచి భార్యకు రాసిన ఉత్తరం. గీత మునిగిందనీ, అధికారికి చెప్పాననీ, సరుకు దించకపోతే దిగిపోతాననీ అందులో ఉంది. విదేశీ స్టాంపు మీద తేదీ స్పష్టంగా పడింది. గొడవ జరగక ముందే రాసిన మాట కాబట్టి దాని విలువ ఎక్కువ. దాన్ని తర్జుమా చేసి, అర్జీతో కలిపి మద్రాసులో నావికుల వ్యవహారాలు చూసే అధికారికి పంపాలని వకీలు గారు నిర్ణయించారు. తర్జుమా నా పని.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి చెప్పాలి. నేను చేరిన మొదటి వారంలోనే పెద్ద గుమాస్తా నాకు నేర్పాడు. "ఉత్తరాల తలా తోకా తీసెయ్యమ్మా. దావా నడుమ ఉంటాది." ఇక్కడ అందరమూ క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, ఎనుము ఈనిందా, వానలు పడ్డాయా, తిండీ నీళ్లూ ఎట్లున్నాయి, ఇవన్నీ తల, తోక. జడ్జీలకు ఓపిక ఉండదు, కాగితం దండగ. నాకు ఆ పద్ధతి నచ్చింది. నేను చక్కగా కోసేదాన్ని. మే 2న ఆ ఉత్తరాన్ని రెండు పేజీల్లోకి తెచ్చాను. కింద ఎప్పటి వాక్యమే టైపు చేశాను: ఇది పూర్తి తర్జుమా, ఇందులో ఏదీ కలపలేదు, ఏదీ వదలలేదు. సంతకం పెట్టాను. ఎనిమిదేళ్లుగా ఆ వాక్యం కింద సంతకం పెడుతున్నాను. దాన్ని చదివి చాలా కాలమైంది.

జూన్ 1, శుక్రవారం మద్రాసు నుంచి జవాబొచ్చింది. కంపెనీ వాదన అందులో ఉంది. గీత మునగడం వాళ్లు కాదనలేదు. అయితే అది నది రేవు, అక్కడివి మంచినీళ్లు, లాగుబుక్కులోనూ అలాగే రాసుకున్నాం అన్నారు.

వకీలు గారు అప్పటికి మద్రాసు మిత్రుడి దగ్గర నుంచి ఓడల చట్టం పుస్తకం తెప్పించుకుని ఉన్నారు. తాను చదివింది మాకు విడమర్చి చెప్పారు. ఉప్పునీళ్లు ఓడను ఎక్కువగా మోస్తాయి. మంచినీళ్లలో అదే ఓడ కొంచెం కిందికి దిగుతుంది. అందుకని ఓడ మీద రెండు రకాల గీతలుంటాయి. ఉప్పునీళ్ల గీత కింద, మంచినీళ్ల గీత పైన. రేవులో మంచినీళ్లుంటే పై గీత దాకా నింపుకోవచ్చు. సముద్రంలోకి పోగానే ఓడ ఆ మేరకు పైకి తేలుతుంది. ఇతను చూసిన రోజు నీళ్లు కింది గీతను ముంచి పై గీత దాకా వచ్చాయి.

"నీళ్లు మంచివైతే ఓడది న్యాయం. ఉప్పువైతే నీది న్యాయం," అన్నారు వకీలు గారు అతనితో. "ఏవో నీకెట్లా తెలుసు?"

"నోట్లో పోసుకున్నా గదా సామీ. బక్కెట తాడుతో చేది చూసినా. ఎండాకాలంలో ఏట్లో నీళ్లు తగ్గితే సముద్రం లోపలికొస్తాది. ఉప్పు. ఉత్తరంలో గూడా రాసినా గదక్కా," అని నా వైపు చూశాడు.

వకీలు గారు నా తర్జుమా రెండు పేజీలూ తిరగేశారు. లేదు. అసలు ఉత్తరం తీశారు. కాగితం నిండిపోయాక ఎడమ అంచున నిలువుగా రెండు వరసలు రాశాడు. "ఈడ ఏటి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. మన చౌటిబాయి నీళ్లే నయము. నువ్వు కాలువ నీళ్లు కాంచుకొని తాగు, ఒట్టి మనిషివి గావు."

"ఇదెందుకు రాలేదమ్మా?" అన్నారు వకీలు గారు.

"యోగక్షేమాల కింద తీసేశాను సార్."

పెద్ద గుమాస్తా వక్కాకు నములుతున్నవాడు ఆపేశాడు. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. నావికుడు తల గోక్కుని, "పోనీలే అక్కా. నేను గూడా నడుమ రాసింటే బాగుండు," అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

మద్రాసు అధికారి ఇంకొకటి కూడా రాశారు. ఉత్తరం అందుకున్న మనిషిని, అంటే అతని భార్యను, ప్రమాణం మీద విచారించాలి. ఆమె నెలలు నిండిన మనిషి కాబట్టి మద్రాసు రానక్కర్లేదు, నంద్యాల మేజిస్ట్రేటు గారు విచారించి, అసలు ఉత్తరం చూసి, కాగితాలు పంపితే చాలు. తేదీ జూన్ 14, గురువారం.

ముందురోజు సాయంత్రం వకీలు గారు నన్ను పిలిచారు. "రేపు నువ్వు కోర్టుకు రావద్దు. అసలు ఉత్తరం చూపిస్తాం. దాని మాట అది చెబుతుంది. తర్జుమా సంగతి ఎవరూ ఎత్తకపోతే మనం ఎత్తొద్దు."

"ఎత్తితే సార్?"

"ఎత్తితే పొరపాటున ఒక వరస జారిందని నేను చెప్పుకుంటా. నువ్వు పద్ధతి ప్రకారం తీసేశానని చెప్పావనుకో, మన ఆఫీసు నుంచి వెళ్లిన తర్జుమాలన్నీ పోతాయి. ఆలోచించు."

నాకోసం చెప్పిన మాటే అది. ఆఫీసు కోసం కూడా. ఆయన చెడ్డవాడు కాడు.

మరునాడు పదిన్నరకు కోర్టుకు వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. చేతిలో నా రిజిస్టరు ఉంది. దాన్నెందుకు తీసుకెళ్లానో అప్పటికి నాకు నేను చెప్పుకోలేదు.

ఆమె ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. మేజిస్ట్రేటు గారు కుర్చీ వేయించారు. ఐదో తరగతి దాకా చదివిందట. ఉత్తరం చేతికివ్వబోతే, "అక్కర్లేదు సామీ, వస్తాది నాకు," అని మొదటి నుంచి చివరి దాకా, ఎనుము సంగతితో సహా అప్పజెప్పింది. అంచు మీది రెండు వరసలూ చెప్పింది. ఒట్టి మనిషివి గావు అన్న దగ్గర కాస్త గొంతు తగ్గించింది.

కంపెనీ వైపు వకీలు మద్రాసు నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. తెలుగు బాగా వచ్చు.

"అమ్మా, ఆ ఓడ మునిగిందా?"

"లేదు సామీ. మునిగింటే మీరు ఈడికి వచ్చేవాళ్లే గాదు."

"ఓడలో నీళ్లు కొలిచే పరికరం ఉంటుంది. మీ ఆయన నాలుక దానికంటే గొప్పదా?"

"పరికరం సంగతి నాకు దెలీదు. కొత్త ఊరికి పోతే నీళ్లు నాలిక మింద ఏసుకోని మనిషి మా తట్టు ఉండడు సామీ. నన్ను ఇచ్చేటప్పుడు మా నాయన ముందు వాళ్ల బాయి నీళ్లు తాగి జూసినాడు. ఆమైనే పిల్లోన్ని జూసినాడు."

మేజిస్ట్రేటు గారిది కూడా ఈ జిల్లానే. కలం కింద పెట్టి, నవ్వు ఆపుకుని, మళ్లీ రాసుకున్నారు.

అప్పుడు కంపెనీ వకీలు నా తర్జుమా తీశాడు. కింది వాక్యం నెమ్మదిగా చదివాడు. ఏదీ కలపలేదు, ఏదీ వదలలేదు. "మే 2న ఈ ఉత్తరాన్ని చూసిన వ్యక్తి ఇది పూర్తి తర్జుమా అని సంతకం పెట్టారు. ఇందులో నీళ్ల మాట లేదు. మేం మంచినీళ్లని చెప్పిన తర్వాత ఉత్తరం అంచున ఉప్పునీళ్లు వచ్చాయి. అంచున ఎవరైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు. రాసింది అతనే, చెయ్యీ అతనిదే. ఎప్పుడన్నదే నా ప్రశ్న."

మా వకీలు గారు లేచి, పొరపాటున ఒక వరస జారి ఉండవచ్చని మొదలుపెట్టారు. నావికుడు నేల చూస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ సంతకం నాది. ఆ రెండు వరసలు మే 2న ఉన్నాయి. జారలేదు, నేనే తీసేశాను."

మేజిస్ట్రేటు గారు నన్ను బోను ఎక్కించి ప్రమాణం చేయించారు. ఎప్పుడు చూశారు, ఎలా గుర్తు అని అడిగారు. రిజిస్టరు తెరిచి ఇచ్చాను. ప్రతి కాగితానికీ వచ్చిన తేదీ, అసల్లో ఎన్ని వరసలు, తర్జుమాకు తీసుకున్నవి ఎన్ని అని నేను గీతలు కొట్టి రాసుకునేదాన్ని. ఎవరూ రాయమనలేదు, నా అలవాటు. మే 2 కింద ఆ ఉత్తరానికి వరసలు నలభైమూడు, తీసుకున్నవి ముప్పైఅయిదు, వదిలినవి ఎనిమిది అని ఉంది. దాని కిందా పైనా వేరే కాగితాల పద్దులు, తేదీల వరసన. మేజిస్ట్రేటు గారు అసలు ఉత్తరం మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. అడ్డంగా నలభై ఒకటి. అంచున రెండు. ఇంకొకసారి లెక్కపెట్టి, కంపెనీ వకీలు చేతికిచ్చారు. ఆయనా లెక్కపెట్టాడు.

లెక్కపెట్టి, రిజిస్టరు పేజీలు వెనక్కి తిప్పుతూ అడిగాడు. "అమ్మా, వదిలినవి అన్న గడి ప్రతి ఉత్తరానికీ ఉంది. ఇలా కోసి, పూర్తి అని సంతకం పెట్టినవి ఎన్ని?"

అడగవలసిన ప్రశ్నే. నేను రిజిస్టరు వెనక్కి తీసుకుని మొదటి పేజీ నుంచి కూడిక వేశాను. "నూటఇరవై ఆరు," అన్నాను. మా వకీలు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ లెక్క కూడా కాగితం మీదికెక్కింది.

ఆమెకు ఆ నెల 22న ఆడపిల్ల పుట్టింది. మా వకీలు గారు నాతో పదకొండు రోజులు పని మాట తప్ప మరోటి మాట్లాడలేదు. పన్నెండో రోజు వచ్చి, నా బల్ల మీద పాత ఫైళ్ల కట్ట పెట్టి, "ఎక్కడ నుంచి మొదలుపెడతావు?" అన్నారు. నూటఇరవై ఆరు ఉత్తరాలనూ మళ్లీ తర్జుమా చేశాను, ఈసారి తలా తోకతో. అయిదు నెలలు పట్టింది. పెద్ద గుమాస్తా ఒక్కొక్క ఫైలూ దుమ్ము దులిపి తెచ్చిస్తూ, "నేర్పింది నేనే గదమ్మా, నన్ను గూడా ఒక మాట అనరాదా?" అనేవాడు. ఎక్కువ ఉత్తరాల్లో నిజంగానే వానలూ ఎనుములూ తప్ప ఏమీ లేవు. రెండింటిలో మాత్రం కేసుకు పనికొచ్చే మాటలున్నాయి. ఒకటి నందికొట్కూరు వైపు భూమి కేసు, రెండోది వెలుగోడులో ఒక తల్లి తన పిల్లను తన దగ్గరే ఉంచుకోవాలని వేసిన కేసు. ఆమె ఓడిపోయింది. నేను వదిలిన మాట ఉండి ఉంటే గెలిచేదని చెప్పలేను. గెలవదనీ చెప్పలేను. ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. వకీలు గారు కింద సంతకం పెట్టారు. నందికొట్కూరు మనిషి వచ్చి మళ్లీ అర్జీ వేసుకున్నాడు. వెలుగోడు నుంచి జవాబు రాలేదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు గుర్తుంచుకోవాలి: సంతకానికి పైన ఉండే వాక్యం మన గురించి రాసింది. సంతకం పెట్టే ప్రతిసారీ చదవాలి.

నవంబరు 19, సోమవారం మద్రాసు ఉత్తర్వు వచ్చింది. రేవు కాగితాలు కూడా తెప్పించుకుని చూశారట. ఎండాకాలంలో ఆ నదిలోకి సముద్రపు పోటు వచ్చే మాట నిజమేనని తేల్చారు. నావికుడి భయానికి ఆధారం ఉంది, ధిక్కారం కాదు, పుస్తకంలోని రాతను కొట్టివెయ్యాలి. నా గురించి ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది: అనువాదకురాలి పత్రం నమ్మదగినది కాదు, అనువాదకురాలి సాక్ష్యం నమ్మదగినది. వకీలు గారు అది రెండుసార్లు పైకి చదివారు. ఎందుకు రెండుసార్లు చదివారో నేను అడగలేదు.

1980 ఫిబ్రవరి 4న ఏదో దస్తావేజు పని మీద ఆళ్లగడ్డ వెళితే, బస్టాండులో వాళ్లు ముగ్గురూ కనపడ్డారు. అతనికి కొత్త ఓడలో పిలుపు వచ్చింది, కడప బస్సు కోసం నిలబడ్డాడు. పుస్తకం తీసి చూపించాడు. పాత రాత మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన అధికారి సంతకం, ముద్ర. పిల్ల తల్లి భుజం మీద నిద్రపోతోంది.

"భయం లేదా మళ్లా?" అన్నాను ఆమెతో, అతను సంచి పైకెక్కిస్తుండగా.

"ఎందుకుండదక్కా. ఉంటాది." బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వెళ్లి, పిల్ల లేవకుండా ఒక చేత్తో వీపు పట్టుకుని, ఊరంతా వినేటట్టు చెప్పింది.

"ఇదిగో, మళ్లా గీత మునిగిందనుకో, ఎవురేమన్నా సరే, దిగొచ్చెయ్. కోర్టుకు నేను బోతా."